పూల్ ఆటగాళ్లు ఆటోగ్రాఫ్‌కి డబ్బులు అడగొచ్చా? మా పార్లర్‌లో మొదలైన గొడవ

బ్రేక్‌షాట్_నారాయణగూడ:

అందరికీ నమస్తే. మేము రోజూ పూల్ (టేబుల్ మీద క్యూ అనే కర్రతో బంతుల్ని కొట్టి పాకెట్లలో వేసే ఆట) ఆడే పార్లర్‌లో వచ్చే నెల ఒక ఎగ్జిబిషన్ పెడుతున్నారు. నేషనల్స్‌లో పతకాలు కొట్టిన పూల్ ప్లేయర్ ఒకాయన వస్తున్నాడు. మాట ఇంకా ఖాయం కాలేదు కాబట్టి పేరు చెప్పను. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉంటాడు, మనవాళ్లతో తలా ఒక ర్యాక్ (అంటే ఒక గేమ్) నైన్ బాల్ (తొమ్మిది బంతుల పూల్) ఆడతాడు, కొన్ని ట్రిక్ షాట్లు చూపిస్తాడు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆయన పంపిన షరతుల్లో చివరన ఒక లైను ఉంది. ఆటోగ్రాఫ్‌కి 200 రూపాయలు, క్యూ మీద సంతకమైతే 500.

అంతే, మా వాట్సాప్ గ్రూపులో అంటుకుంది. "సంతకానికి డబ్బులేంటి, ఆయనేమైనా సబ్‌రిజిస్ట్రారా?" అని ఒకడు. "ఇష్టమున్నవాడు ఇస్తాడు, మధ్యలో నీకేం నొప్పి?" అని ఇంకొకడు. ఓనర్ అన్న ఇద్దరికీ సర్దిచెప్పలేక తల పట్టుకున్నాడు. ఇక్కడ ఆట తెలిసినవాళ్లు ఉన్నారు కదా, మీరేమంటారు?

మిర్చిబజ్జి:

200 పెడితే నాకు దాదాపు గంట టేబుల్ వస్తుంది. నేను ఆడుకుంటా. సంతకం మీరు తీసుకోండి.

ఉప్పల్_పెవిలియన్:

సిగ్గుచేటు. ఉప్పల్ స్టేడియంలో బౌండరీ దగ్గర పిల్లలు టోపీలు చాపితే క్రికెటర్లు వచ్చి సంతకం చేసి వెళ్తారు. డబ్బులడిగినవాణ్ని నేనైతే చూడలేదు. గోల్ఫ్‌లో ఆర్నాల్డ్ పామర్ ఉండేవాడు, వచ్చిన ప్రతివాడికీ సంతకం చేసేవాడు. పైగా చదవడానికి వీలుగా రాయాలని కుర్ర ఆటగాళ్లకు చెప్పేవాడు. అభిమానం ఉంది కాబట్టి కదా సంతకం అడుగుతారు! దానికి రేటు కట్టడమేంటి?

పూల్ అంటే మన ఊళ్లో ఇప్పటికీ "చెడిపోయిన పిల్లలు ఆడే ఆట" అనే పేరుంది. ఆ పేరు పోవాలంటే వచ్చిన పెద్ద ప్లేయర్ నాలుగు నవ్వులు, నాలుగు సంతకాలు ఊరికే ఇచ్చి పోవాలి.

కూకట్‌పల్లి_క్వీన్:

ఉప్పల్ అన్నా, మీరు చెప్పే క్రికెటర్ ఐపీఎల్ కాంట్రాక్ట్ జేబులో పెట్టుకుని బౌండరీ దగ్గరికి వస్తున్నాడు. ఆయన సంతకం ఊరికే ఇవ్వగలడు, ఎందుకంటే ఆయన జీతం ఇంకెక్కడో వస్తోంది.

నేను స్టేట్ లెవెల్‌లో పూల్ ఆడతాను కాబట్టి మా లెక్క చెప్తాను. ప్రాక్టీసుకి టేబుల్ డబ్బులు మావే. టోర్నమెంట్‌కి ఎంట్రీ ఫీజు మాదే. రైలు టికెట్, లాడ్జి, తిండి అన్నీ మావే. పేరున్న కంపెనీ కార్బన్ షాఫ్ట్ (క్యూ ముందు భాగం) ఒక్కటి కొనాలంటే 500 డాలర్లు కూడా దాటొచ్చు, దాని మీద దిగుమతి సుంకం అదనం. ఇంత పెట్టి వెళ్లాక మొదటి రెండు మ్యాచ్‌లు ఓడితే రూపాయి రాదు. ప్రైజ్ మనీ పైనున్న కొద్దిమందికే.

సర్కారు వైపు చూద్దామా అంటే, క్యూ స్పోర్ట్స్ (పూల్, స్నూకర్, బిలియర్డ్స్) ఆసియా క్రీడల్లో ఉన్నది 1998 నుంచి 2010 వరకే. 2014లో తీసేశారు. మల్టీ స్పోర్ట్ ఈవెంట్ పతకం లేకపోతే క్యాష్ అవార్డుల లిస్టులో, ఉద్యోగాల లిస్టులో మన పేరు ఎంత కిందికి పోతుందో ఆడేవాళ్లకే తెలుసు. బిలియర్డ్స్, స్నూకర్‌లో ఎన్నోసార్లు ప్రపంచ చాంపియన్ అయిన పంకజ్ అద్వానీ అంతటివాడికి ఓఎన్‌జీసీ ఉద్యోగం అండగా ఉంది. ఆయన తర్వాతి వరుసలో ఉన్నవాళ్ల సంగతేంటి?

ఆ ప్లేయర్ 200 అడిగాడంటే నాకు కోపం రాలేదు. ఇన్నాళ్లకు ఒకరు అడిగారు కదా అనిపించింది.

తార్నాక_తమ్ముడు:

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మా లాంటి స్టూడెంట్స్ పరిస్థితి కూడా చూడండి. ఎంట్రీకి డబ్బులు, ఆయనతో ర్యాక్ ఆడటానికి డబ్బులు, మళ్లీ సంతకానికి డబ్బులు. పెళ్లికి పిలిచి భోజనం పెట్టి, నీళ్ల గ్లాసుకి బిల్లు వేసినట్టుంది. మొత్తం ఒకేసారి చెప్పి తీసుకుంటే ఇంత మంట పుట్టదు.

సిల్వర్‌మార్కర్:

నేను ఆటోగ్రాఫ్‌లు సేకరిస్తాను. అందుకే ఈ గొడవ నాకు కొత్త కాదు.

అమెరికాలో ఇది ఎప్పటి నుంచో వ్యాపారం. బేస్‌బాల్ కార్డ్ షోలలో (ఆటగాళ్ల బొమ్మల కార్డులు అమ్మే సంతల్లో) పాత ఆటగాళ్లు టేబుల్ వేసుకుని కూర్చుంటారు, బంతికి ఒక రేటు, బ్యాట్‌కి ఒక రేటు. రేటు పెట్టడానికి కారణం ఆశ ఒక్కటే కాదు. ఊరికే ఇస్తే పిల్లల వెనకాల పెద్దవాళ్లు నిలబడతారు. ఒక్కొక్కడూ బ్యాగ్ నిండా ఫొటోలు తెచ్చి సంతకాలు పెట్టించుకుని, సాయంత్రానికి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడతాడు. ఆటగాడు ఊరికే ఇచ్చిన దాని మీద వేరేవాడు సంపాదిస్తాడు.

దొంగ సంతకాల సంగతి ఇంకా ఘోరం. 1990లలో ఎఫ్‌బీఐ వాళ్లు 'ఆపరేషన్ బుల్‌పెన్' అని పేరు పెట్టి పెద్ద ముఠానే పట్టుకున్నారు. చనిపోయిన ఆటగాళ్ల సంతకాలు కూడా ఫ్రెష్‌గా తయారుచేసి అమ్మేవాళ్లు. అప్పటి నుంచి ఆటగాడు స్వయంగా కూర్చుని, మన కళ్లముందు డబ్బు తీసుకుని పెట్టే సంతకానికి విలువ పెరిగింది. అది అసలుదే అని నమ్మకం ఉంటుంది.

అలాగని అందరూ ఆ దారి పట్టలేదు. బాస్కెట్‌బాల్ దిగ్గజం బిల్ రసెల్ చాలా ఏళ్లపాటు అసలు ఆటోగ్రాఫే ఇచ్చేవాడు కాదు. కావాలంటే చెయ్యి కలుపుతాను, కాసేపు మాట్లాడదాం అనేవాడు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది, కానీ నా ఆల్బమ్‌కి నచ్చదు.

ఒక పనికొచ్చే మాట కూడా. క్యూ బాల్ (క్యూతో కొట్టే తెల్ల బంతి) మీద సంతకం పెట్టించుకోకండి. బాల్ ఫినాలిక్ రెసిన్, గాజులా నున్నగా ఉంటుంది. మార్కర్ ఇంక్ పైపైనే నిలుస్తుంది, నాలుగుసార్లు చేతిలోకి తీసుకుంటే బొటనవేలికే అంటుకుని పోతుంది. క్యూ కొనకి రాసే చాక్ క్యూబ్ పక్కనున్న కాగితం మీద బాగా పడుతుంది కానీ చోటు చాలదు. క్యూ మీదైతే మన చెయ్యి తగలని చోట, జాయింట్‌కి (క్యూ రెండు ముక్కలు కలిసే చోటు) కాస్త వెనక ఫోర్‌ఆర్మ్ మీద పెట్టించుకోవాలి. బట్ దగ్గర, అంటే చేత్తో పట్టుకునే చోట, పెడితే చెమటకి కొన్నాళ్లలోనే మసకబారుతుంది. గ్లవ్ మీద ఇంక్ పీల్చుకుని అక్షరాలు ఉబ్బుతాయి. అన్నిటికన్నా మంచిది మ్యాట్ (మెరవని) ఫొటో.

మిర్చిబజ్జి:

సిల్వర్ భాయ్, ఆయన 200 తీసుకుని క్యూ బాల్ మీద పెడితే, మరుసటి రోజుకి ఆ 200 నా బొటనవేలి మీద ఉంటుందన్నమాట.

పాతకాపు:

నేను సికింద్రాబాద్‌లో ఒక క్లబ్ బిలియర్డ్స్ రూములో పెరిగినవాణ్ని. మా నాన్నగారు అక్కడ మార్కర్. ఈ కాలం పిల్లలకు మార్కర్ అంటే పెన్ను. అప్పట్లో మార్కర్ అంటే స్కోరు రాసేవాడు, బాల్స్ సర్దేవాడు, టేబుల్ మీది గుడ్డకి బ్రష్ కొట్టి ఇస్త్రీ పెట్టేవాడు, సాహెబులకి జోడీ లేకపోతే తానే క్యూ పట్టి ఆడేవాడు. ఆయన దెబ్బ చూస్తే మెంబర్లు నోరెళ్లబెట్టేవారు. కానీ టోర్నమెంట్ బోర్డు మీద ఆయన పేరు ఎక్కలేదు. ఎక్కేది మెంబర్ల పేర్లే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన దేశంలో ఈ ఆట పుట్టిందే అలా. స్నూకర్‌ని 1875లో జబల్‌పూర్‌లో సైనికాధికారులు సరదాకి మొదలుపెట్టారు. ఊటీ క్లబ్బులో రూల్స్ గోడకి తగిలించారు. మనకు ఫలక్‌నుమాలో ఇప్పటికీ టేబుల్ ఉంది, నిజాం కాలం నాటిది. అంటే ఈ ఆట ఆడేవాడికి డబ్బు అవసరం లేదని మొదటి నుంచీ లెక్క. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ గారు ప్రపంచ టైటిల్ కొట్టారు, వ్యక్తిగత క్రీడలో మనవాడు ప్రపంచ చాంపియన్ కావడం అదే మొదలు. అది కూడా అమెచ్యూర్ టైటిల్. ఆ రోజుల్లో అమెచ్యూర్ ఆట ఆడి డబ్బు ముట్టుకుంటే తప్పు.

ఉప్పల్ బాబూ, మీరు "సిగ్గుచేటు" అన్నారు చూడండి, ఆ సిగ్గు క్లబ్ మెంబర్ల నుంచి వచ్చిందే. తిండికి లోటు లేనివాళ్లు పెట్టిన రూలు. మా నాన్నకి ఎవరైనా సంతకానికి పది రూపాయలు ఇచ్చి ఉంటే ఆయన సిగ్గుపడేవారు కాదు, అమ్మకి తెచ్చి ఇచ్చేవారు.

ఉప్పల్_పెవిలియన్:

పాతకాపు గారూ, మీ మాట కాదనలేను, మీ నాన్నగారి తరానికి అన్యాయమే జరిగింది. కానీ ఇప్పుడు వచ్చే ఆయన క్లబ్బు నౌకరు కాదు, ఫీజు తీసుకుని ఎగ్జిబిషన్‌కి వస్తున్న ప్రొఫెషనల్. ఆ ఫీజులోనే సంతకాలు కలుపుకుని ఎక్కువ అడగొచ్చు కదా. ఓనర్ దగ్గర తీసుకో, అభిమాని దగ్గర కాదు. ఇది నా పాయింటు.

ఇంకోటి. అసలు ఇప్పుడు ఆటోగ్రాఫ్ ఎవరికి కావాలి? అందరూ సెల్ఫీయే అడుగుతారు. సెల్ఫీకి డబ్బులు తీసుకోడు, సంతకానికి తీసుకుంటాడు. లెక్క తిరగబడింది.

చాక్‌డబ్బా:

నేను ఆ ఏరియాలోనే ఒక పార్లర్‌లో పనిచేస్తా. ఓనర్ దగ్గర తీసుకో అన్నారు కదా, ఓనర్ ఎక్కడి నుంచి తెస్తాడు? అద్దె, కరెంటు, ఏసీ, గుడ్డ మార్పించడం. ఫీజు పెరిగితే టికెట్ పెరుగుతుంది. సంతకం అక్కర్లేని మిర్చిబజ్జి అన్న కూడా ఆ భారం మోయాలి. విడిగా పెడితే కావాల్సినవాడే కడతాడు. అందులో న్యాయం ఉంది.

టైమ్ సంగతి కూడా చూడండి. ఎగ్జిబిషన్‌కి 150 మంది వచ్చారనుకోండి. సంతకం, ఒక సెల్ఫీ, "సార్ మా తమ్ముడి పేరు కూడా రాయండి". మనిషికి నిమిషం వేసుకున్నా రెండున్నర గంటలు. ఆ తర్వాత అదే చేత్తో బ్రిడ్జి (క్యూకి వేళ్ల ఆసరా) పెట్టి బ్రేక్ (ఆట మొదటి దెబ్బ) కొట్టమంటాం. మా దగ్గర ఒకసారి వచ్చిన ప్లేయర్ సంతకాలు అయ్యాక మొదటి బ్రేక్‌లోనే స్క్రాచ్ (క్యూ బాల్‌నే పాకెట్‌లో వేసే ఫౌల్) కొట్టాడు. జనం నవ్వారు. నాకైతే పాపం అనిపించింది. క్యూ బాల్ నేరుగా మూల పాకెట్‌లోకి జారుతుంటే ఆయన చాక్ క్యూబ్‌ని చూస్తూ నిలబడ్డాడు, తప్పు దానిదే అన్నట్టు.

లెక్కలపద్దు:

వృత్తిరీత్యా నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని, అందుకని నాకు ఆట కంటే రసీదు కనబడుతుంది. డబ్బులు తీసుకోవడం తప్పేమీ కాదు. కానీ అది ఆదాయం, రిటర్న్‌లో చూపించాలి. బేస్‌బాల్ స్టార్ పీట్ రోజ్ ఆటోగ్రాఫ్‌లు, జ్ఞాపికల అమ్మకాల మీద వచ్చిన డబ్బు పన్నులో చూపించలేదని 1990లో కోర్టులో తప్పు ఒప్పుకుని ఐదు నెలలు జైల్లో ఉన్నాడు. మనవాడికి ఆ స్థాయి డబ్బు రాదనుకోండి. సేవల మీద జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ కూడా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే. అయినా క్యాష్ డబ్బా పెట్టి 200 నోట్లు వేయించుకునే పద్ధతి వద్దు. క్యూఆర్ కోడ్ పెట్టండి, ప్లేయర్ అకౌంట్‌కి నేరుగా వెళ్లేలా. లేకపోతే రేపు "పార్లర్ వాళ్లు సగం కొట్టేశారు" అని కొత్త గొడవ మొదలవుతుంది.

కూకట్‌పల్లి_క్వీన్:

పద్దు గారూ, క్యూఆర్ ఐడియా బంగారం.

ఉప్పల్ అన్నా, ప్రొఫెషనల్ అన్నారు కాబట్టి ప్రపంచ స్థాయి చూద్దాం. స్నూకర్ వరల్డ్ చాంపియన్‌కి 5 లక్షల పౌండ్లు. పూల్ వరల్డ్ చాంపియన్‌షిప్‌లో 2024లో జెడ్డాలో గెలిచిన ఫెడోర్ గోర్స్ట్‌కి రెండున్నర లక్షల డాలర్లు, అది కూడా సౌదీ డబ్బు వచ్చాక పెరిగింది. పైన గెలిచినవాడికే ఇంత తేడా అయితే కిందివాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

జెనెట్ లీ తెలుసు కదా, 'బ్లాక్ విడో'. 1990లలో టీవీలో పూల్ అంటే ఆమె ముఖమే. 2021లో ఆమెకి నాలుగో దశ అండాశయ క్యాన్సర్ అని తెలిసింది. కూతుళ్ల భవిష్యత్తు కోసం ఆన్‌లైన్‌లో విరాళాలు అడగాల్సి వచ్చింది. ప్రపంచమంతా తెలిసిన మనిషి! ఆ వార్త చదివిన రోజు నేను ప్రాక్టీసుకి వెళ్లలేకపోయాను. ఆటలో వెలిగినన్నాళ్లు ఊరికే సంతకాలు, జబ్బు చేస్తే చందాలు. ఇదేనా మనకి కావాల్సిన పద్ధతి?

ఉప్పల్_పెవిలియన్:

ఆ విషయం నాకు తెలియదు, బాధగా ఉంది. కానీ ఎఫ్రెన్ రెయెస్‌ని చూడండి. ఫిలిప్పీన్స్ మనిషి, 'మెజీషియన్' అంటారు. బాబాయి పూల్ హాల్లో టేబుల్ మీద పడుకుని పెరిగాడు. 1999లో వరల్డ్ నైన్ బాల్ చాంపియన్. అంతటివాడు గర్వం లేకుండా ఎవరితోనైనా కూర్చుని కబుర్లు చెప్తాడని అందరూ అంటారు. నాకు అలాంటి మనిషి కావాలి.

పాతకాపు:

రెయెస్ గురించి మీరు చెప్పింది నిజమే. కానీ ఆయన 1985లో మొదటిసారి అమెరికా వెళ్లినప్పుడు తన పేరు చెప్పకుండా 'సీజర్ మోరాలెస్' అని ఆడాడు. పేరు తెలిస్తే ఎవడూ పందెం కాయడని. 1996లో హాంకాంగ్‌లో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్‌తో పోటీ, ముందు 120 ర్యాకులు గెలిచినవాడికే మొత్తం లక్ష డాలర్లు. 120-117తో గెలిచాడు. ఓడినవాడు మూడు రోజులు ఆడి వట్టి చేతులతో వెళ్లాడు. అంత ఆట ఆడినవాణ్ని అభిమాని దగ్గర 200 తీసుకోవద్దని ఏ నోటితో చెప్తాం?

అలాగే చిన్నపిల్లల సంగతి. 2016లో ఇండియన్ ఓపెన్ స్నూకర్ టోర్నీ మన హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో జరిగింది, ఆంథొనీ మెక్‌గిల్ కైరెన్ విల్సన్‌ని 5-2తో ఓడించి గెలిచాడు. మా మనవణ్ని తీసుకెళ్లాను. కారిడార్‌లో ఒక బ్రిటిష్ ఆటగాడు ఎదురై వాడి ఎంట్రీ పాస్ వెనక సంతకం పెట్టాడు, పేరు స్పెల్లింగ్ కూడా అడిగాడు. ఓడిపోయి వస్తున్నాడు పాపం. ఆ పాస్ మావాడు లామినేషన్ చేయించుకున్నాడు. ఇప్పుడు వాడు ఆడేది వేరే ఆట అనుకోండి. పెద్దవాళ్ల దగ్గర ఎంతైనా తీసుకోండి, పిల్లల దగ్గర మాత్రం వద్దు. నేను కోరేది ఇంతే.

తార్నాక_తమ్ముడు:

పిల్లలంటే ఎన్నేళ్ల లోపు తాతగారూ? నాకు 19.

పాతకాపు:

నీకు 200 పడుద్ది నాయనా.

సిల్వర్‌మార్కర్:

బ్రేక్‌షాట్ అన్నా, నా సలహా. మనిషికి ఒక్క సంతకమే అని పెట్టండి. ఎదుటివాడి పేరు రాసి సంతకం చేయమనండి. "ప్రియమైన ఫలానా అబ్బాయికి" అని ఉంటే దాన్ని ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం కష్టం. అభిమానికి విలువ పెరుగుతుంది, వ్యాపారికి తగ్గుతుంది. ఉత్త సంతకం కావాలనేవాడి దగ్గర 200 కాదు, 1000 తీసుకోమనండి, నాతో సహా.

బ్రేక్‌షాట్_నారాయణగూడ:

నిన్న రాత్రి ఓనర్ అన్న, నేను ప్లేయర్‌తో ఫోన్లో మాట్లాడాం. ముందు అడిగింది ఇదే, ఈ 200 ఎందుకు పెట్టారన్నా అని. ఆయన నవ్వి, "ఊరికే అంటే ఒక్కొక్కరూ ఐదేసి పెట్టించుకుంటారు, ఆడటానికి టైమ్ మిగలదు" అన్నాడు. కాసేపాగి, పోయిన సీజన్ ఖర్చులు ఇంకా తీరలేదని కూడా అన్నాడు.

చివరికి తేలింది ఇది. టికెట్ 300, అందులోనే ఆయన పేరు రాసి సంతకం చేసిన ఒక ఫొటో వస్తుంది. 16 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ 100, వాళ్లకీ సంతకం ఉంటుంది. క్యూ మీద కావాలంటే 500 విడిగా, క్యూఆర్ ద్వారా ఆయన అకౌంట్‌కే. సంతకాలన్నీ ఆట అయ్యాకే, ముందు కాదు. ఇది చాక్‌డబ్బా చెప్పిన కథ విని నేను పెట్టించిన షరతు. ఫొటోల ప్రింటింగ్ ఖర్చు పార్లర్‌ది.

ఉప్పల్_పెవిలియన్:

టికెట్‌లో కలిపేశారు కాబట్టి నేను వస్తాను. కానీ క్యూ మీద 500 అనేది ఇప్పటికీ నాకు మింగుడు పడటం లేదు. అక్కడ బోర్డు పెడితే దాని పక్కన నిలబడి ఫొటో మాత్రం దిగను.

మిర్చిబజ్జి:

నేను 300కి వస్తా, ఫొటో తార్నాక తమ్ముడికి 150కి అమ్ముతా.

సిల్వర్‌మార్కర్:

దాని మీద "ప్రియమైన మిర్చిబజ్జికి" అని ఉంటుంది. అమ్ముకో చూద్దాం.

తార్నాక_తమ్ముడు:

50 అయితే కొంటా. బ్రేక్‌షాట్ అన్నా, బండి పార్కింగ్ ఉందా అక్కడ? పోయినసారి సందులో పెడితే ట్రాఫిక్ వాళ్లు లేపేశారు.

బ్రేక్‌షాట్_నారాయణగూడ:

సెల్లార్‌లో బండ్లకి చోటుంది, కార్లకి లేదు. టికెట్లు సోమవారం నుంచి కౌంటర్‌లో ఇస్తారు. క్యూ మీద సంతకం కావాల్సినవాళ్లు ముందే పేరు రాయించుకోండి, ఇరవై మందికి మించి తీసుకోం.